జ్ఞాన వినిమయ చరిత్రలో భిలాయి

ఒక దేశం మరొక దేశానికి అందించే సహాయం ప్రధానంగా మూడు రూపాలలో ఉంటుంది. మొదటిది ధనం, రెండవది యంత్రం, మూడవది విద్య. ధనం పద్దు పుస్తకాలలో కనిపిస్తుంది. యంత్రం నేల మీద కనిపిస్తుంది. విద్య మాత్రం మనుషుల చేతులలోను, అలవాట్లలోను ఇమిడిపోయి కంటికి ఆనదు. అందువల్లనే అభివృద్ధి సంస్థల నివేదికలలో మొదటి రెండింటికి దక్కిన చోటు మూడవదానికి చాలాకాలం దక్కలేదు. 1949లో ఐక్యరాజ్యసమితి విస్తృత సాంకేతిక సహాయ కార్యక్రమాన్ని చేపట్టిన నాటి నుండి నిపుణులను పంపడం, శిక్షణ వేతనాలు ఇవ్వడం సహాయంలో భాగమయ్యాయి. వర్ధమాన దేశాలు ఒకదాని నుండి మరొకటి నేర్చుకోవాలన్న సంకల్పంతో 1978లో బ్యూనస్ ఎయిర్స్ సమావేశం ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. 1996లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్‌సన్ తమ సంస్థ జ్ఞానాన్ని పంచే బ్యాంకుగా మారాలని ప్రకటించాడు.

సంస్థలు పరస్పరం నేర్చుకోవడమెట్లా అన్న ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి సమాధానం వెదికే క్రమంలో భారతదేశం చేసిన ప్రయత్నాలలో భిలాయి ఉక్కు కర్మాగారం ముఖ్యమైనది. నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లో, వరి పొలాల నడుమ వెలసిన ఈ కర్మాగారాన్ని భారత-సోవియట్ మైత్రికి చిహ్నంగా చెప్పడం పరిపాటి. ఆ మైత్రి చాటున విద్య ఏ దారిన ప్రవహించింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది అంతగా చర్చకు రాని విషయం.

ఒప్పందం, దాని స్వరూపం

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఉక్కు ఉత్పత్తి జంషెడ్‌పూర్, బర్న్‌పూర్, భద్రావతి వంటి కొద్ది కేంద్రాలకే పరిమితమై ఉండేది. భారీ పరిశ్రమలు పునాదిగా రూపొందిన రెండవ పంచవర్ష ప్రణాళిక 1956లో ఆరంభమయ్యేనాటికి మూడు కొత్త ఉక్కు కర్మాగారాల నిర్మాణానికి ప్రభుత్వం పూనుకొంది. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయికి సోవియట్ యూనియన్ సహకరించాయి.

భిలాయి ఒప్పందంపై 1955 ఫిబ్రవరి 2న ఢిల్లీలో సంతకాలు జరిగాయి. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు ఉత్పత్తి లక్ష్యం. సోవియట్ రుణానికి వడ్డీ రెండున్నర శాతం. దానిని 12 వార్షిక వాయిదాలలో రూపాయలలోనే తీర్చే వెసులుబాటు లభించింది. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న ఆ రోజులలో ఈ షరతు ఎంతో విలువైనది. ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా కొండలలోను, సున్నపురాయి నందినిలోను సమీపంలోనే లభించడం స్థల నిర్ణయానికి దోహదం చేసింది.

అయితే జ్ఞాన వినిమయం దృష్ట్యా పరిశీలించవలసింది మరొక అంశం. దుర్గాపూర్‌లో బ్రిటిష్ కంపెనీల కూటమి నిర్మాణ బాధ్యతను మొత్తంగా స్వీకరించి, కర్మాగారాన్ని పూర్తిచేసి అప్పగించే పద్ధతి అనుసరించారు. భిలాయిలో సోవియట్ పక్షం నమూనాలు, యంత్రాలు, సాంకేతిక పర్యవేక్షణ అందించింది. కట్టే బాధ్యత భారతీయులదే. కట్టి ఇచ్చిన ఇంటిని చూచిన వానికి, స్వయంగా గోడ లేపిన వానికి ఇంటి గురించి తెలిసేది ఒకటే కాదు. భిలాయి ఇంజనీర్లకు లభించిన తొలి పాఠం ఒప్పందంలోని ఈ ఏర్పాటు నుండే వచ్చింది.

పక్కన నిలిచి నేర్చిన విద్య

కర్మాగారం సవివర నివేదికను గిప్రోమెజ్ అనే సోవియట్ రూపకల్పన సంస్థ తయారుచేసింది. యంత్రాలలో చాలా భాగం ఉరల్ ప్రాంతంలోని ఉరల్‌మాష్, ఉక్రెయిన్‌లోని క్రమాతోర్స్క్ వంటి భారీ యంత్ర నిర్మాణ కేంద్రాల నుండి వచ్చాయి. నిర్మాణ స్థలంలో సోవియట్ నిపుణుల బృందానికి నాయకత్వం వహించిన వెనియమిన్ దిమ్‌షిత్స్ తరువాత కాలంలో సోవియట్ ప్రభుత్వంలో ఉపప్రధాని స్థాయికి ఎదిగాడు. అంతటి అనుభవజ్ఞుని పంపడాన్ని బట్టి ఆ దేశం ఈ పథకానికి ఇచ్చిన ప్రాధాన్యం అర్థమవుతుంది.

పుస్తకంలోని విద్య, పరుల చేతిలోని ధనం వేళకు అక్కరకు రావని పెద్దలంటారు. నమూనా పత్రాల విషయంలో ఇది అక్షరాలా నిజమైంది. రష్యన్ భాషలో ఉన్న పత్రాలకు అనువాదకులు కావలసివచ్చారు. కొలతలన్నీ మీటర్లలో ఉండగా, భారతీయ పనివారికి అడుగులు, అంగుళాలు అలవాటు. మెట్రిక్ కొలతలను ప్రవేశపెట్టే చట్టం దేశంలో 1956లో వచ్చి, 1958 నుండి క్రమంగా అమలయింది. అంటే దేశమంతా కొత్త కొలతలకు అలవాటుపడుతున్న కాలంలోనే భిలాయి వాటితో పనిచేయవలసి వచ్చింది.

ఈ దూరాన్ని తగ్గించింది మనుషుల సాహచర్యం. యువ ఇంజనీర్లు సోవియట్ ఉక్కు కేంద్రాలకు వెళ్లి, అక్కడి కొలుముల వద్ద పని నేర్చి తిరిగి వచ్చారు. భిలాయిలో రష్యన్ నిపుణుని పక్కన భారతీయుడు నిలబడి, ముందు చూస్తూ, పిదప చేస్తూ, చివరకు తానే బాధ్యత తీసుకొనేవాడు. కార్మికుల శిక్షణకు భిలాయిలోనే సాంకేతిక శిక్షణ సంస్థ ఏర్పడింది. కరిగిన ఇనుము రంగును బట్టి దాని వేడిని అంచనా వేయడం, కొలిమి చప్పుడులోని తేడాను గుర్తించడం వంటివి ఏ పత్రంలోను రాయడానికి వీలుకానివి. గురువు పక్కన ఉన్నప్పుడే అవి పట్టుబడతాయి.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ముందురోజునే ఆయన రూర్కెలాలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మూడు కర్మాగారాలలోను నిర్దేశిత సామర్థ్యాన్ని ముందుగా అందుకొన్నది భిలాయే. అయితే ఈ విజయాన్ని కేవలం శిక్షణ మహిమగా భావించడం తొందరపాటవుతుంది. భిలాయి ఎంచుకొన్న ఓపెన్ హార్త్ పద్ధతి అప్పటికే ప్రపంచమంతటా స్థిరపడినది. దాని ఉత్పత్తులైన రైలు పట్టాలు, నిర్మాణపు కడ్డీలు కూడా తెలిసిన రకాలే. రూర్కెలా తలకెత్తుకొన్న పని అంతకన్నా కఠినమైనది.

ఒకే కంపెనీ, మూడు గురుకులాలు

మూడు కర్మాగారాలకు యజమాని ఒక్కటే. 1954 జనవరిలో ఏర్పడిన హిందుస్థాన్ స్టీల్ సంస్థ మొదట రూర్కెలాకే పరిమితమైనా, 1957లో భిలాయి, దుర్గాపూర్‌లు కూడా దాని అధీనంలోకి వచ్చాయి. ఆ సంస్థ ఇంజనీర్లు నాలుగు దిక్కులకు వెళ్లి చదువుకొన్నారు. కొందరు సోవియట్ యూనియన్‌కు, కొందరు పశ్చిమ జర్మనీకి, కొందరు బ్రిటన్‌కు వెళ్లారు. ఫోర్డ్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో 1957 నుండి మరికొందరు అమెరికాలోని విశ్వవిద్యాలయాలలోను, ఉక్కు మిల్లులలోను శిక్షణ పొందారు. ప్రచ్ఛన్న యుద్ధం తీవ్రంగా ఉన్న కాలంలో ఒకదానినొకటి అనుమానించుకొంటున్న దేశాల విద్య ఒకే భారతీయ సంస్థలో కలిసే అవకాశం ఏర్పడింది. ఉక్కు విషయంలో ఇటువంటి అవకాశం నాడు మరే దేశానికీ అంత సులభంగా దొరికేది కాదు.

ఆ అవకాశం ఎంతవరకు ఫలించింది? ఒక్క ఉదాహరణ చాలు. ఆస్ట్రియాలోని లింజ్, డోనావిట్జ్ పట్టణాలలో 1950ల తొలినాళ్లలో రూపొందిన ఆక్సిజన్ పద్ధతిని భారతదేశంలో మొదట ప్రవేశపెట్టింది రూర్కెలా. గంటల తరబడి సాగే ఓపెన్ హార్త్ పనిని ఈ పద్ధతి నిమిషాలకు కుదించింది. రూర్కెలా, భిలాయి రెండూ హౌరా-ముంబయి రైలు మార్గం మీదనే ఉన్నాయి. రెండింటి యాజమాన్యం ఒక్కటే. అయినప్పటికీ 1967లో పూర్తయిన విస్తరణలో భిలాయి సామర్థ్యం 25 లక్షల టన్నులకు పెరిగినప్పుడు మళ్లీ ఓపెన్ హార్త్ ఫర్నేసులనే నిర్మించారు. ఆక్సిజన్ కన్వర్టర్లు భిలాయిలో అడుగుపెట్టడానికి 1980ల దాకా ఆగవలసివచ్చింది.

దీనికి కారణాలు లేకపోలేదు. విస్తరణకు రుణమిచ్చినదీ, నమూనా ఇచ్చినదీ సోవియట్ పక్షమే. పాత పద్ధతిలో సిబ్బందికి చేయి తిరిగింది. కొత్త పద్ధతిలో రూర్కెలా తొలినాళ్లలో పడిన ఇబ్బందులు కూడా అందరికీ తెలిసినవే. ఇవన్నీ ఒప్పుకొన్నా ఒక మాట మిగులుతుంది. విద్య సహాయదాత నుండి గ్రహీతకు నిలువుగా చేరింది కాని, గ్రహీతల మధ్య అడ్డంగా ప్రవహించలేదు. ప్రతి కర్మాగారం తన గురువు భాషలోనే ఆలోచించడం అలవాటు చేసుకొంది.

ఈ లోటు తీర్చే దిశగా హిందుస్థాన్ స్టీల్ ఒక మంచి అడుగు వేసింది. 1959లో కేంద్ర ఇంజనీరింగ్, రూపకల్పన విభాగాన్ని నెలకొల్పింది. రాంచీ కేంద్రంగా పనిచేసిన ఈ విభాగమే 1973లో మెకాన్ అనే ప్రత్యేక సంస్థగా రూపొందింది. మూడు గురుకులాల నుండి వచ్చిన అనుభవం ఒకచోట పోగుపడి, పత్రాలుగా, ప్రమాణాలుగా నిలవడానికి ఇది వీలు కల్పించింది. భిలాయి సామర్థ్యం 1980లలో 40 లక్షల టన్నులకు పెరిగిన దశలో మెకాన్ ప్రధాన సలహా సంస్థగా వ్యవహరించింది. తొలి దశలో గిప్రోమెజ్ వహించిన పాత్రతో పోల్చినప్పుడు ఈ మార్పు విలువ స్పష్టమవుతుంది.

బొకారోలో శిష్యుని మాట

నేర్చినవాడు తిరిగి చెప్పే మాట గురువు వింటాడా? ఈ పరీక్ష బొకారోలో ఎదురైంది. అమెరికాలో అనుభవం గడించి వచ్చిన మిను దస్తూర్ 1955లో కలకత్తాలో నెలకొల్పిన సలహా సంస్థ బొకారో కర్మాగారానికి ప్రాథమిక రూపకల్పన చేసింది. అమెరికా సహాయం కోసం సాగిన ప్రయత్నం 1963లో విఫలమైంది. 1965 జనవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. సవివర నివేదిక బాధ్యత మళ్లీ గిప్రోమెజ్‌కే దక్కింది. ఖర్చు తగ్గించే మార్గాలను సూచిస్తూ 1966లో దస్తూర్ సంస్థ సమర్పించిన నివేదికలో స్వల్ప భాగమే ఆమోదం పొందింది. ఆర్థికవేత్త పద్మా దేశాయ్ 1972లో వెలువరించిన గ్రంథంలో ఈ వివాదాన్ని విపులంగా పరిశీలించారు.

రుణం, నమూనా, యంత్రం ఒకే చేతి నుండి వచ్చినప్పుడు స్థానిక నిపుణుని సూచనకు విలువ తగ్గడం సహజం. సోవియట్ పక్షానికి ప్రత్యేకించి ఇది వర్తించదు. రుణంతో సలహాను ముడిపెట్టిన సహాయాలన్నింటిలోను ఈ ధోరణి కనిపిస్తుంది. అడిగే హక్కు, కాదనే హక్కు లేని శిష్యరికం ఒక దశ దాటి ఎదగదని బొకారో చరిత్ర చెబుతుంది.

విశాఖకు చేరిన అనుభవం

విశాఖపట్నం నాటికి పరిస్థితి కొంత మారింది. ఆంధ్రుల హక్కుగా నినదించిన 1966 ఉద్యమం తరువాత, 1970 ఏప్రిల్‌లో కేంద్రం ఈ కర్మాగారాన్ని పార్లమెంటులో ప్రకటించింది. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1977లో సవివర నివేదికను సమర్పించింది దస్తూర్ సంస్థే. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన పిమ్మట, 1980 నవంబరులో సవరించిన సమగ్ర నివేదికను సోవియట్ సంస్థలు, దస్తూర్ సంస్థ కలిసి రూపొందించాయి. బొకారోలో పక్కకు తప్పించబడిన సంస్థ విశాఖలో సహ రచయిత అయింది. పాతికేళ్ల శిష్యరికానికి ఇది తగిన ఫలితం.

1990లో గోదావరి, 1992లో కృష్ణ అనే పేర్లతో బ్లాస్ట్ ఫర్నేసులు పని ప్రారంభించాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు, కోక్‌ను నీటితో కాక వాయువుతో చల్లార్చే సోవియట్ పద్ధతి, ఉక్కునంతా నిరంతర పోత ద్వారా తీసే విధానం ఇక్కడ ఒకేచోట కలిశాయి. ఏ ఒక్క దేశపు నమూనాకూ కట్టుబడకుండా ఎంచుకొనే శక్తి వచ్చిందనడానికి ఇది నిదర్శనం. భిలాయి వంటి పాత కర్మాగారాలలో చేయి తిరిగిన ఇంజనీర్లు విశాఖ తొలి సిబ్బందిలో ఉన్నారు.

ఈ రాకపోకలకు తెలుగువారి వైపు మరొక చరిత్ర ఉంది. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపింది. భిలాయి నిర్మాణం మొదలయ్యాక నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి ఎందరో ఆ దారిన పనికి వెళ్లారు. ముందు వెళ్లినవారు వెనుక వచ్చినవారికి బస చూపారు, పని మెళకువలు చెప్పారు. భిలాయి సెక్టార్లలో తెలుగువారి సంఘాలు, గుళ్లు, పండుగలు వెలిశాయి. ఒక తరం మట్టిపనితో మొదలుపెడితే తరువాతి తరం యంత్రాల ముందు నిలిచింది. ఏ ఒప్పందంలోను ప్రస్తావన లేకపోయినా, బంధుత్వం మీద, ఊరి పరిచయం మీద నడిచిన ఈ వినిమయం కూడా విద్యా వినిమయమే.

లెక్కకు రాని జ్ఞానం

భిలాయి కథలో నీడ పడిన భాగం కూడా ఉంది. కర్మాగారానికి, పట్టణానికి నేలనిచ్చిన ఛత్తీస్‌గఢీ రైతులు, వారి పక్కనే వెలసిన కొత్త విద్యకు చాలాకాలం దూరంగానే ఉండిపోయారు. దేశం నలుమూలల నుండి వచ్చినవారితో భిలాయి చిన్న భారతదేశమని పేరు తెచ్చుకొంది. ఆ ఘనత స్థానికులకు ఎంత దక్కిందన్నది వేరే ప్రశ్న. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ 1990ల నుండి ఇక్కడ సాగించిన పరిశోధన 2020లో గ్రంథంగా వెలువడింది. పర్మినెంటు ఉద్యోగులకు, కాంట్రాక్టు కూలీలకు మధ్య పెరిగిన అగాధాన్ని అది వివరిస్తుంది. శిక్షణ, భద్రత, సెక్టారు ఇల్లు మొదటివారికి లభించాయి. రెండవవారికి మిగిలింది రోజు కూలి.

దల్లీ-రాజహరా గనులలో ఈ అగాధం పోరాటంగా మారింది. చేతితో ఖనిజం తవ్వే కాంట్రాక్టు కార్మికులు 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సంఘంగా ఏర్పడ్డారు. గనులను పూర్తిగా యాంత్రీకరించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ సంఘం కేవలం వద్దనలేదు. తవ్వే, ఎత్తే పనులు మనుషుల చేతిలో ఉంచి, మిగిలిన వాటికి యంత్రాలు వాడే పాక్షిక యాంత్రీకరణ పథకాన్ని ముందుంచింది. ఆ మార్గం ఎంత లాభకరమన్నది చర్చనీయాంశమే. కాని గనిలో పనిచేసేవారు తమ పని గురించి సాంకేతిక ప్రతిపాదన చేయగలరని అది రుజువు చేసింది. కార్మికుల చందాలతో, శ్రమతో 1983లో అక్కడ షహీద్ ఆసుపత్రి కూడా వెలసింది. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. వేల మైళ్ల దూరంలోని సంస్థ నుండి నేర్చుకోవడానికి అనువాదకులను నియమించుకొన్న వ్యవస్థ, తొంభై కిలోమీటర్ల లోపు ఉన్న కొండల మీది కూలీల మాట వినడానికి అంతటి శ్రద్ధ చూపలేదు.

మిగిలినది

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. భిలాయికి యంత్రాలు పంపిన కర్మాగారాలు కొన్ని రష్యాలోను, కొన్ని ఉక్రెయిన్‌లోను ఉండిపోయాయి. ఒప్పందం కుదుర్చుకొన్న ఒక పక్షమే పటం నుండి తొలగిపోయినా భిలాయిలో కొలుములు ఆరలేదు. దేశపు రైలు పట్టాల తయారీ ఆగలేదు. 2018లో మహామాయ పేరుతో ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసు పని ప్రారంభించింది. గురువు లేకపోయినా విద్య నిలిచిందంటే శిష్యరికం సఫలమైనట్లే. మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్ ఉద్యానం కన్నా ఇది గట్టి స్మారకం.

అభివృద్ధి సంస్థలు నేడు పరస్పర అభ్యాసం కోసం సమావేశాలు జరుపుతున్నాయి, వేదికలు నెలకొల్పుతున్నాయి, నివేదికలు పంచుకొంటున్నాయి. ఆ కృషికి భిలాయి చరిత్ర కొన్ని గీటురాళ్లను అందిస్తుంది. పని బాధ్యత నేర్చుకొనే వాని చేతిలో ఉందా? నేర్చినది నిలిపి ఉంచే స్థానిక సంస్థ ఏర్పడిందా? ఒకే దాతకు చెందని శిష్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకొనే వీలుందా? గురువును కాదనే స్వేచ్ఛ శిష్యునికి ఉందా? మొదటి రెండు ప్రశ్నలకు భిలాయి గర్వంగా అవునని చెప్పగలదు. మూడవదానికి రాంచీలోను, నాలుగవదానికి విశాఖలోను ఆలస్యంగా సమాధానం దొరికింది.

ఐదవ ప్రశ్న మరొకటి ఉంది. నేల ఇచ్చినవాడు, గని తవ్వినవాడు ఆ వలయంలో ఎక్కడ ఉన్నాడు? ఆరు దశాబ్దాలు దాటినా ఈ ప్రశ్నకు భిలాయి ఇంకా సమాధానం చెప్పవలసి ఉంది. కొత్తగా ఎక్కడ కర్మాగారం వెలసినా, ఏ అంతర్జాతీయ సంస్థ సహాయంతో పథకం మొదలైనా, ఒప్పంద పత్రం రాసేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.